ఆవిరి తాగిన మంచుబండి

రౌనా,

మంచుబండి స్పార్క్ ప్లగ్గుల టోపీలు రెండూ పొయ్యి పక్కన ఆరుతున్నాయి. అవి తొడిగేదాకా ఇంజను తాడు లాగకు. ఎడమ టోపీ నిండా మంచు పట్టింది, అందుకే అటువైపు నిప్పురవ్వ పుట్టలేదు. నా తప్పు మాత్రం రవ్వంత కాదు.

ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండిని నువ్వు పాడుచెయ్యలేదు. ఎక్కినప్పుడు సీటు నీకు వెచ్చగా ఉంటుందని శనివారం దాన్ని సౌనా ముందుగదిలో పెట్టింది నేనే. మన స్నానాల ఆవిరి అదీ తాగింది, వాకిట్లోకి తెచ్చాక ఆ తేమ గడ్డకట్టింది. పైగా మీ అన్న ముందు, "ఈవిడ నడిపితే ఇనుమైనా ఏడుస్తుంది" అన్నాను. నిన్ను లేపే మొహం లేదు.

రెయిన్‌డీర్ల దొడ్డికి స్కీల మీద పోతున్నాను. అక్కడున్న మీ అన్నకు నిజం నేనే చెబుతాను.

ఔలా

మధ్యాహ్నంలోగా రా. నీ దూడల చెవులకు అవి నీవని తెలిపే గుర్తు నువ్వే కొయ్యాలి, నేను కత్తి ముట్టను. అందాకా నా చెవులు మీ అన్న చేతిలో ఉంటాయి.