నీ పేరు మీద నా మందులు

చిరంజీవి ఇడానియాకు,

దీవెన అడిగి ఉత్తరం మొదలుపెట్టావు, దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఇక్కడ చెరకు కోతలు సాగుతున్నాయి. ఇంటి రేకులు ఇంకా నిలబడే ఉన్నాయి, నేనూ నిలబడే ఉన్నాను. అక్కడ నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటాను.

మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. నాతోపాటే ముసలిదవుతోంది, ఇంకేం చేస్తుంది? పెరట్లో నువ్వు నాటి వెళ్లిన కంది మొలిచిందా అన్నావు. మొలిచింది, పక్కింటి మెర్సిడ్యూ తాత మేక మేసింది. నీ చలవ వల్ల మేక ఒళ్లు చేసిందంటాడు, సిగ్గులేని ముసలాడు. నీ మూడో ప్రశ్నకు తర్వాత వస్తాను.

మన ఆసుపత్రి నుంచి విదేశీయులు వెళ్లిపోయారు. పదకొండేళ్లు నడిపి, చివరికి కేకు కోసి, ఫొటోలు తీయించుకుని తాళాలు ప్రభుత్వం చేతిలో పెట్టారు. నర్సు ఫియోర్దలీసా గారు మాత్రం అదే కుర్చీలో ఉన్నారు, చొక్కా రంగు మారిందంతే. అన్నీ చెడ్డ మార్పులేం కావు. అప్పుడు డాక్టరు మంగళవారమే వచ్చేవాడు, ఇప్పుడు వారమంతా ఉంటున్నాడు. కానీ గుమ్మం దగ్గర కంప్యూటరు పెట్టి, పాత పేర్లన్నీ అందులోకి ఎక్కించి, కొత్తగా వచ్చేవాళ్లను గుర్తింపు కార్డు అడుగుతున్నారు. విదేశీయులు పేరడిగి ఊరుకునేవారు. మాలా హైతీ నుంచి వచ్చినవాళ్ల సంగతి నీకు తెలియనిదా? సిమ్‌కైనా, సిమెంటు బస్తాకైనా, ఎవరు పేరడిగినా కార్డున్న చుట్టం పేరే చెప్పేస్తాం. అది తప్పని మాకెప్పుడూ తోచలేదు.

ఇక నీ మూడో ప్రశ్న. హోటల్ ఉద్యోగానికి వైద్య పరీక్షకు వెళ్తే, నీ రక్తంలో ఏమీ లేకపోయినా, హెచ్ఐవీ మందులు తీసుకునేవాళ్ల జాబితాలో నీ పేరుందన్నారనీ, ఉద్యోగం ఆపేశారనీ రాశావు. ఆ పేరుతో మన బస్తీలో ఇంకెవరున్నారో కనుక్కోమన్నావు.

కనుక్కోనక్కర్లేదు తల్లీ. అది నేనే.

మీ నాన్న చనిపోయిన ఏడాదే నాకీ రోగం బయటపడింది. ఆయన ఈ దేశంవాడు కాబట్టి నీకు కార్డుంది, నాకు లేదు. పేరేమిటని అడిగితే అలవాటుగా నీ పేరే నోట్లోంచి వచ్చేసింది. ఎనిమిదేళ్లుగా నీ పేరు మీద మాత్రలు మింగుతున్నాను. చెప్పడానికి సిగ్గేసింది. ఫోన్లో అయితే నీ గొంతు వినగానే మాట మార్చేస్తాను, అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే ఫియోర్దలీసా గారి దగ్గరికి వెళ్లి, మా అమ్మాయి పేరు తీసెయ్యమన్నాను.

"తీసేస్తే నీకు ఎవరి పేరున ఇవ్వను మందులు? నీకు కార్డు లేదుగా."

"అది తర్వాత చూద్దాం. ముందు పిల్ల పేరు తియ్యండి. రోగం నాది."

ఆవిడ కంప్యూటరు తనవైపు తిప్పుకుని, నీ పేరు తీసేశారు. ముద్ర వేసిన కాగితం ఇందులో పెట్టాను, హోటల్లో చూపించు. తర్వాత నా అసలు పేరు అడిగారు. కంప్యూటరు ఒప్పుకోలేదు. సొరుగులోంచి పాత పుస్తకం తీసి, పెన్సిల్‌తో నా పేరు రాసుకుని, నెలకు సరిపడా మాత్రలిచ్చారు. పైవాళ్లకు రాస్తారట, వాళ్లేమంటారో ఆవిడకీ తెలియదు. నాకు భయంగానే ఉంది.

కోపం వస్తే వచ్చి తిట్టిపో, వంట చేసి పెడతాను. నీ పేరు నీకు పంపేశాను. నాది కింద రాస్తున్నాను, పెన్సిల్‌తో కాదు.

ఇట్లు,
మీ అమ్మ
రోజెమీటా సాంతిల్