ల్యాబ్‌ల నీ జాగ

షాహీన్,

గీ ఉత్తరం నువ్వు చదవవు. డెంగ్యూతోని నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. అయినా చెప్పాలె: ఈసెట్ రాసిన, కరీంనగర్‌ల బీటెక్ సీటొచ్చింది.

డిప్లొమాల ఉన్నప్పుడు ప్లాన్ ఏసింది నువ్వే, హుజూరాబాద్ బస్సుల. "సీదా రెండో సంవత్సరంల చేరుతం. అప్పటికే అందరికి దోస్తులుంటరు, మనల్ని ఎవరూ పట్టించుకోరు. ఫికర్ జెయ్యకు, మనిద్దరం ఉంటం గద" అన్నవ్. ఆఖరిదొక్కటి తప్ప అన్నీ నిజమైనయ్.

ఇయ్యాల ఎలక్ట్రికల్ ల్యాబ్. ఇద్దరిద్దరికి ఒక టేబుల్. కొత్తగ చేరిన నేనొక్కదాన్నే మిగిలిన. "ఎవరితోనన్న కలువమ్మా" అన్నడు సార్. "ఒక్కదాన్నే చేస్త సార్" అన్న. నా మొండితనం నీకెరుకే.

కనెక్షన్ ఇచ్చి, స్విచ్ ఏసి, పెన్ను పట్టుకొని కూసున్న. మీటర్ ముల్లు ఎప్పుడో ఆగింది. నేను రాయకుంట ఎదురుచూస్తున్న. డిప్లొమా ల్యాబ్‌ల మనిద్దరిల రీడింగ్ చెప్పేది నువ్వు, రాసుకునేది నేను. జర సేపటికి గని యాదికి రాలే, ఇప్పుడు చూసుడు గూడ నా పనే అని. మీటర్ దిక్కు వంగి, నీ తీరుగనే గట్టిగ చదివిన.

పక్క టేబులామె తలెత్తి "ఎవరికి చెప్తున్నవ్?" అని అడిగింది.

"ఎవరికీ చెప్తలే" అన్న.

ఇంటికొచ్చి నీకు రాస్తున్న.