అర్థం కానివాళ్ళు చెయ్యెత్తండి

శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ నేనూ చంటిదీ బాగానే ఉన్నాం. మీ దగ్గు తగ్గిందని రాస్తే ఇంకా బాగుంటాం. వంటింటి కప్పు కారడం ఆగిందా అని అడిగారు. ఆగింది. కుట్టుమిషను ఇప్పుడు మన ముందుగదిలో కిటికీ పక్కన ఉంది. ఎందుకో చివర్లో చెబుతాను, అందాకా ఓపిక పట్టండి.

అత్తయ్య సంస్మరణ సభ గురించి వివరంగా రాయమన్నారు. ఆవిడ నలుగురినీ కూడగట్టి కట్టించిన స్కూలు హాల్లోనే జరిగింది. కుర్చీలు చాలక జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. వడ్రంగి మాట్లాడుతుంటే అందరూ ఒకటే నవ్వు. "పంతులమ్మగారి క్లాసులో తెలిసినవాడికి పనే ఉండేది కాదండీ. అర్థం కానివాళ్ళు చెయ్యెత్తండి అనేవారు. నేను ఐదేళ్ళూ చెయ్యి దించితే ఒట్టు!"

వీధికి నీళ్ళ పైపు వేయించిన రోజుల్లోనూ ఆవిడది అదే పద్ధతి కదా. ఒక్క చెయ్యి పైన ఉన్నా తీర్మానం ముందుకు కదిలేది కాదు. మీటింగు నుంచి ఆలస్యంగా వచ్చి చల్లారిపోయింది తింటుంటే నేను విసుక్కునేదాన్ని. "అర్థం కానివాణ్ణి అక్కడ వదిలేసి వస్తే తిన్నది ఒంటబట్టదే, పెంకిపిల్లా" అనేవారు. ఆ విసుగు తలచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తోంది.

ఆ తర్వాత వార్డు ప్రెసిడెంటు లేచాడు. మన కుట్టు దుకాణం ఆయన భవనంలోనే ఉంది కాబట్టి సభలో నోరు విప్పవద్దని మీరు రాసింది గుర్తుంది. అందుకే వెనగ్గా గోడవార కూర్చున్నాను. ఆయన అత్తయ్యను ఆకాశానికెత్తాడు, కళ్ళు తుడుచుకున్నాడు, ఆ తడి ఆరకముందే అసలు సంగతి బయటపెట్టాడు.

"ఈ స్కూలును పెద్దరోడ్డు అవతలి స్కూల్లో కలిపేద్దాం. ఈ బిల్డింగు గోడౌనుకిస్తే మనవాళ్ళకి పనులు దొరుకుతాయి. పంతులమ్మగారు కోరుకున్నదీ మన బాగే కదా!"

కాదనేదెవరు? హాల్లో సగంమంది ఆయన ఇళ్ళలో ఉండేవాళ్ళు, మిగతా సగం ఆయన దగ్గర పనిచేసేవాళ్ళు. అందరూ ఒప్పుకున్నారని రాసుకోవడానికి పక్కనున్న విద్యాశాఖ అధికారి పెన్ను మూత తీశాడు. అయితే ప్రెసిడెంటు కూడా అత్తయ్య శిష్యుడే. ఆ హాల్లో, ఆవిడ బల్ల వెనక నిలబడి ఉన్నాడేమో, అలవాటు కొద్దీ నోరు జారాడు.

"అర్థం కానివాళ్ళెవరైనా ఉంటే చెయ్యెత్తండి."

అన్నాక ఆయన ముఖం చూడాలి! నాలుక కరుచుకునేలోపే గోడవార ఒక చెయ్యి లేచింది. "రెండో క్లాసు పిల్లలు ఆ లారీల మధ్య రోడ్డెలా దాటతారో అర్థం కాలేదండీ."

"దించమ్మా, తర్వాత మాట్లాడుకుందాం."

"అదెలా కుదురుతుంది?" అంటూ వడ్రంగి చెయ్యెత్తాడు. "నాకూ అర్థం కాలేదు." తర్వాత బస్సు డ్రైవరు, కాంపౌండరు, చివరికి ప్రెసిడెంటు గుమాస్తా కూడా. చూస్తుండగానే హాలంతా చేతులే. అధికారి ఏమీ రాసుకోకుండా పెన్ను మూత పెట్టేశాడు. సోమవారం మళ్ళీ వస్తానన్నాడు.

మీ దగ్గర దాచలేను. గోడవార లేచిన ఆ మొదటి చెయ్యి నాది.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి దుకాణానికి కొత్త తాళం వేసి ఉంది. మిషను మెట్ల మీద పడేసి ఉంది. వడ్రంగీ డ్రైవరూ దాన్ని ఇంటికి మోసుకొచ్చారు. అప్పటినుంచి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాను. సోమవారం ఏమవుతుందో తెలియదు. అయినా వెళతాను.

కోపం వస్తే తిట్టండి, పడతాను. ఎందుకు చేశానో అర్థం కాలేదని మాత్రం చెయ్యెత్తకండి. మీరూ ఆవిడ క్లాసులో కూర్చున్నవారే.

ఇట్లు,
మీ అమ్మగారి పెంకి కోడలు