ఫస్ట్ బస్సు వెళ్ళిపోయాక

డిసెంబర్ 3, 1998. మదనపల్లె.
మంచు మొదలైంది. ఎదురింటి గోడ కూడా కనిపించదు. మా ఆయన కుప్పం ఫస్ట్ బస్సు నడపడానికి పోయాడు. గేటు పడిన చప్పుడుకే నాకు దడ... పోయిన చలికాలం ఇలాంటి మంచులోనే ఆయన స్నేహితుడు నడిపే బస్సు లారీని గుద్దింది. మనిషి దక్కలేదు. అప్పటినుంచి చలి వస్తే చాలు, నాకు ఊపిరాడదు.

డిసెంబర్ 5
అత్త: "మొగుడు డ్యూటీకి పోయేటప్పుడు ఆ ఏడుపు మొగమేంది?"
ఇక వాకిట్లోకి పోను. వంటింట్లోనే ఉంటాను.

డిసెంబర్ 8
డాక్టరు టానిక్ రాసిచ్చాడు. "ఏమీ లేదమ్మా, ఊరికే ఆలోచిస్తాండావు."
ఏమీ లేదట.

డిసెంబర్ 9
వేడి రాగిజావ. పొయ్యి పక్కన పీట. ఆ తర్వాత మిద్దె మీద ఎండలో కూర్చుని, నానబెట్టిన అనపగింజల పొట్టు పితకడం. వేళ్ళకు పని ఉంటే గుండె కాస్త నెమ్మదిస్తుంది. అత్తకు అదీ గిట్టదు — "దినామూ పితికిపప్పేనా?"

డిసెంబర్ 12
మధ్యాహ్నం డ్యూటీకి మార్చుకోమని ఆయన్ని అడిగాను.
"నా చేతిలో ఉండాదా? డిపోలో యాడికి ఏస్తే ఆడికి పోవాల్సిందే."
నిజమే అనుకున్నాను.

డిసెంబర్ 16
మార్కెట్లో నాగవేణి కనిపించింది, ఆయన బస్సు కండక్టరు భార్య. "మధ్యాహ్నం డ్యూటీ ఇస్తామంటే మీ ఆయనే వద్దన్న్యాడంట గదక్కా! యాల?"
నవ్వాను. అనపకాయలు కొనకుండానే ఇంటికొచ్చాను.

డిసెంబర్ 17
అడిగేశాను. చొక్కా వేసుకుంటూ అన్నాడు — "పొద్దున పూట నీ మొగం సూడలేకుండా ఉండాను. దానికంటే ఆ మంచే మేలు."
పప్పులో ఉప్పు వేయడం మరిచాను. తల్లీకొడుకులు మారు మాట లేకుండా తినేశారు.

డిసెంబర్ 19. పుంగనూరు.
అక్క ఇల్లు. ఏమైందని అడగలేదు. కంబళి కప్పి, మిరియాల చారు గ్లాసులో పోసి ఇచ్చింది. "సలికాలం పోయేదాకా ఈడే ఉండు." అప్పుడు ఏడుపొచ్చింది.

డిసెంబర్ 22
దడ ఇక్కడికీ వచ్చింది. ఆయన బస్సు ఈ ఊరి మీదుగానే పోతుంది. నన్ను చూడలేనన్న మనిషి కోసం... సిగ్గు లేదు నాకు.

డిసెంబర్ 24
నిన్న కండక్టరుతో కబురు పంపాడు — అమ్మకు జ్వరం, వంటకు ఇబ్బందిగా ఉండాది, రమ్మను. అంతే. ఎలా ఉన్నావన్న మాట లేదు.
రానని మొహం మీదే చెప్పాలని ఈ పొద్దున బస్టాండుకు పోయాను. మంచులో బస్సు ఆగి ఉంది. ఆయన సీట్లోనే ఉన్నాడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ వణుకుతున్నాయి. నాకు బాగా తెలిసిన వణుకు.
నన్ను చూసి చేతులు కిందికి దించుకున్నాడు.
"సలి" అన్నాడు.
ఏడాదిగా నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని ఆ ఇంట్లో. 'నాకూ ఇంతే' అని ఆయన ఒక్క మాట... ఒక్క మాట అంటే ఏం పోయేది?
రానని నేను చెప్పనే లేదు. బస్సు కదిలింది.
అక్క అడుగుతోంది — "ఏమే, పోతావా, ఉంటావా?"