అక్కయ్య కుడిచెయ్యి

చిట్టికి, అక్కయ్య ఎడమచేత్తో దీవించి రాయించేది:

క్షేమంగా చేరాను. డాక్టరు నా కుడి మణికట్టు అటు తిప్పి ఇటు తిప్పి, ముప్ఫై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి కదా, మూడు వారాలు చెంచా కూడా ఎత్తొద్దన్నాడు. గుడ్డతో ఉయ్యాలలా కట్టి మెడకు వేలాడదీశారు. రోజుకు మూడుసార్లు వేడినీటి ఊటలో చెయ్యి ముంచుకుని కూర్చోవాలి. అక్కడంతా కుళ్ళిన కోడిగుడ్ల వాసన. మధ్యాహ్నాలు, కొండ చూపించే గైడు వెంట తిరుగుతున్నాను. ఈ ఉత్తరం రాసిపెడుతున్నది ఆయనే. మన దర్జీ కొట్టు జాగ్రత్త. గుండీల కాజాలు మాత్రం ముట్టుకోకు, నేనొచ్చి కుడతాను.

నీ అక్కయ్య

తా.క.: నేను గైడుని. ఆమె ఊటకు వెళ్ళారు కనుక నా సొంతంగా ఒక ముక్క. ఈరోజు ఇరవై మందికి జలపాతం గురించి చెబుతుంటే మీ అక్కగారు చెయ్యెత్తారు. ఏదో సందేహమనుకున్నాను. నా కోటు ఎడమచెయ్యి అర అంగుళం పొడవన్నారు. ఆ తర్వాత జలపాతం ఎవరూ చూడలేదు.

అక్కయ్యకు, చిట్టి బెంగతో రాస్తున్నది:

ఉత్తరం విప్పగానే గుండె గుభేలుమంది. ముత్యాల్లాంటి అక్షరాలు. కోడి కెలికినట్టుండే నీ రాత ఒక్క ముక్కైనా లేదు. సంతకం కూడా పెట్టలేవా? నీ చెయ్యి ఆడకపోతే మన కొట్టు మూతే. నాకు అంచులు మడిచి కుట్టడం తప్ప ఏం నేర్పావు గనక? మొన్న ఒక పెద్దమనిషి కోటుకు కాజాలు కావాలన్నాడు. మా అక్క వచ్చేదాకా పిన్నీసు పెట్టుకోమన్నాను. పెట్టుకుని తిరుగుతున్నాడు.

నీ చిట్టి

తా.క.: గైడుగారూ, మా అక్క అక్కడ సూది పట్టిందేమో నిజం చెప్పండి. ఆమె అబద్ధమాడితే ముఖం చూసి కనిపెట్టేస్తాను. ఉత్తరంలో ముఖం కనపడదు.

చిట్టికి, అక్కయ్య బుద్ధిగా కూర్చుని రాయించేది:

నిన్న రోప్‌వే ఎక్కి కొండకొనకు వెళ్ళాం. మబ్బులు కాళ్ళ కింద ఉన్నాయి. ఊటలన్నీ చూశాం. ఒకదాని నీళ్ళు కడుపుకు మంచివంటే గ్లాసుడు తాగాను, మేకు నాకినట్టుంది. డాక్టరు ఇంకో రెండు వారాలుండమన్నాడు. సూది జోలికి పోలేదు, నా మీద ఒట్టు.

నీ అక్కయ్య

తా.క.: ఒట్టు నిజమే. సూది పట్టింది నేను. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నా కోటు నాచేతే సరిచేయించారు. మూడుసార్లు విప్పించారు. నాలుగోసారి పరవాలేదన్నారు. ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాను. ఇప్పుడు కాజాలు నేర్పుతున్నారు.

అక్కయ్యకు, చిట్టి కళ్ళు తుడుచుకుంటూ రాస్తున్నది:

కాజాలా? ఆరేళ్ళు పక్కన కూర్చున్నా నన్ను ముట్టనివ్వలేదే. కొండ మీద దారి చూపించే ఆయనకు నేర్పుతున్నావా? నాకంతా అర్థమైంది. నీ చెయ్యి ఇక స్వాధీనంలోకి రాదు. ఆ మాట నాకు చెప్పలేక, నీ బదులు కుట్టేందుకు ఒక మనిషిని తయారుచేస్తున్నావు. లేకపోతే మూడు వారాలు ఐదెందుకవుతాయి? అమ్మ పోయాక నన్ను ఆ చేత్తోనే పెంచావు. అది పోతే పోయింది, నాకు నువ్వు కావాలి. కొట్టుకు తాళం వేసి శుక్రవారం వస్తున్నాను.

నీ చిట్టి

తా.క.: గైడుగారూ, మీ కాజాలు ఎంతవరకు వచ్చాయి? పిన్నీసు పెద్దమనిషి రోజూ అడుగుతున్నాడు.

చిట్టికి, అక్కయ్య సిగ్గుపడుతూ స్వయంగా రాస్తున్నది:

నా రాత గుర్తుపట్టావుగా. చెయ్యి భేషుగ్గా ఉంది. మూడో వారంలోనే డాక్టరు ఇంటికి పొమ్మన్నాడు. నేనే పోలేదు. కట్టు కూడా నేనే కట్టుకుంటున్నాను, పళ్ళతో ముడి బిగించి.

రోజూ ఊట దగ్గర బల్ల మీద కూర్చుని నేను చెబుతుంటే, ఆయన కలం ఎత్తి "తర్వాత?" అంటారు. ఇన్నేళ్ళూ అందరూ నాకు కొలతలు చెప్పినవాళ్ళే. తర్వాతేమిటని నన్నెవరూ అడగలేదు. చెయ్యి బాగైందంటే ఆయన కలం జేబులో పెట్టేసుకుంటారని భయపడ్డాను. నీకు కాజాలు నేర్పకపోవడమూ అలాంటి భయమే, నేర్పితే నాతో పనేముంటుందని. నిన్ను ఏడిపించాను, తప్పు నాదే. ఆయనకు మాత్రం చెప్పకు.

నీ అక్కయ్య

తా.క.: స్నానశాల ఆవిడచేత రాయించానని చెప్పి, కవరు అంటించి పోస్టులో వెయ్యమని నాకే ఇచ్చారు. చదవకూడదు. చదివాను. చెయ్యి బాగైందని నాకు రెండు వారాలుగా తెలుసు. కొండకొన మీద గాలికి నా టోపీ ఎగిరితే కుడిచేత్తో గాల్లోనే పట్టేసి, గబుక్కున మళ్ళీ కట్టులో పెట్టేసుకున్నారు. నేను రోజూ చూసే కొండనే కొత్తగా చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. శుక్రవారం మీరు తప్పకుండా రండి. ఆమెను నాకిచ్చి పెళ్ళి చేయమని అడగాలంటే ఆమె తరఫు పెద్దలు మీరొక్కరే. మరీ గంభీరంగా మాత్రం కూర్చోకండి, ఇప్పటికే నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.