పక్క నక్షత్రం

నాన్నకి,

నీ చిటపట నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను ఒంటిమట్టుకు క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మా, తమ్ముడూ, ఆ మూలిగే ట్రెడిల్ అచ్చు మిషనూ క్షేమంగా ఉన్నారనుకుంటాను. అక్షరాలు వంకర్లు పోతున్నాయని కళ్ళద్దాలు తుడుచుకోకు. తప్పు నీ కళ్ళది కాదు. రాసే నాది. నిన్న ఏం జరిగిందో నాకే ఇంకా నమ్మకం కుదరలేదు, అయినా వరసగా రాస్తాను. మిషను రొదలో బతికి బతికి చెవులు పోగొట్టుకున్న మనిషివి, ఫోనులో ఎంత అరిచినా నీకు సగమే చేరుతుంది. ఈ సంగతి సగం చేరితే ప్రమాదం.

ముందు నీ చిన్న ప్రశ్నలకి జవాబులు. కళ్ళజోడు మార్పించుకున్నాను. స్వెట్టరు అందింది. చేతులు మరీ పొడుగని అమ్మతో అనకు, మడిచి తొడుక్కుంటున్నాను. గదిలో చెమ్మ తగ్గింది. రెండో మంచం పిల్ల ఉద్యోగం మారి వెళ్ళిపోయింది కనక ఇప్పుడు అద్దమూ నాదే, కిటికీ నాదే.

ఇక పెద్ద ప్రశ్న. "చచ్చిపోయిన నక్షత్రం అంటావు, మళ్ళీ నాడి కొట్టుకుంటోందంటావు, ఏదో ఒకటి తేల్చవే" అన్నావు. రెండూ నిజమే నాన్నా. దాని పేరు తెల్ల మరుగుజ్జు. లోపల మండాల్సిందంతా మండిపోయింది. పొయ్యి ఆర్పేశాక కూడా పెనం కాసేపు చుర్రుమంటుంది చూడు, అలా మిగిలిన వేడితో వెలుగుతోంది. దాదాపు సూర్యుడికి ఉండేంత సరుకు భూమి అంత ఉండలోకి కుక్కుకుపోయి కూర్చుంది. చల్లారుతూ చల్లారుతూ ఒకానొక వేడి దగ్గరికి రాగానే దాని ఒళ్ళంతా అలలు లేస్తాయి. వెలుగు కొన్ని నిమిషాలకోసారి పిసరంత పెరుగుతుంది, పిసరంత తగ్గుతుంది. కంటికి తెలియదు. మా పరికరం వెలుగుని చుక్కలు చుక్కలుగా లెక్కపెడుతుంది కనక దానికి తెలుస్తుంది. నువ్వు బజారులో పుచ్చకాయని తట్టి లోపల పండిందో లేదో చెప్పేస్తావుగా? ఆ అలల లయని బట్టి మేము నక్షత్రం లోపల ఏముందో చెబుతాం. మనం తట్టే శ్రమ కూడా లేదు, తనని తానే తట్టుకుంటుంది.

చల్లారేకొద్దీ ఆ లయ సాగుతుంది. ఎంత మెల్లగానంటే, ఏళ్ళ తరబడి, అది కనిపించే ఒక్క సీజనూ వదలకుండా కొలిస్తేగానీ తేలదు. మధ్యలో ఒక పెద్ద ఖాళీ వచ్చిందా, ఆ ఖాళీలో అది ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పే దిక్కుండదు, లెక్కంతా మళ్ళీ మొదటికి. మా సారు, నేను పలక పట్టిన రోజులనుంచీ, ఈ ఒక్క నక్షత్రాన్నే కొలుస్తున్నారు.

ఎలా కొలుస్తామో చెప్పకపోతే మిగతాది నీకు అర్థం కాదు. ఈ ముక్క కాస్త నెమ్మదిగా చదువు. పరికరానికి రెండు కళ్ళు. మొదటి కన్ను మన నక్షత్రం మీద. రెండో కన్ను పక్కనున్న ఏదో ఒక నిలకడైన నక్షత్రం మీద. పల్చటి మబ్బు అడ్డం వస్తే రెండూ కలిసే మసకబారతాయి. మొదటి లెక్కని రెండో లెక్కతో భాగిస్తే మబ్బు కొట్టుకుపోతుంది, మన నక్షత్రం కదలిక మిగులుతుంది. పక్క నక్షత్రం కొలబద్ద అన్నమాట. దేన్ని కొలబద్ద చేసుకోవాలన్నది ఆ రోజు టెలిస్కోపు దగ్గర కూర్చున్నవాళ్ళ ఇష్టం.

ఇప్పుడు కరపత్రం సంగతి. నేను రాసి పంపింది కంపోజు చేశాననీ, మిషనెక్కించలేదనీ రాశావు. "సత్యాన్ని చెత్తబుట్టలో వేసే పెద్దమనిషి" అన్న శీర్షిక అదిరిందన్నావు. నేను కూర్చున్న రోజులన్నిటినీ సారు లెక్కలోంచి తీసేస్తున్నారని, పైగా నా వంతులు తగ్గించి తనే కూర్చుంటున్నారని, ఇదంతా డ్రైవరన్న గదికి హీటరు కావాలని నేను మీటింగులో బల్ల గుద్దినందుకు కక్ష అని అందులో రాశాను. అంతా చదివి నువ్వు కింద ఒకే ఒక్క ముక్క చేర్చావు: "ఆయన్ని అడిగావా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దొంగ దగ్గరికి పోయి నువ్వు దొంగవా అని అడుగుతారా అనుకున్నాను. చివరికి, ఇదిగో అడిగాను, ఇప్పుడైనా అచ్చు వెయ్యి అని నీకు రాయడానికే సారు గదికి వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని గొడుగు ఊచకి తీగ చుట్టుకుంటున్నారు.

"నా రోజులు ఎందుకు తీసేశారు?" అన్నాను.

"కూర్చో."

"నిలబడే అడుగుతాను."

"సరే, నిలబడే చెప్పు. నీ పక్క నక్షత్రం ఏది?"

"ఏదైతే ఏం? ఎప్పుడూ మీరు చూపించిందే కొలబద్దగా ఉండాలా? దానికి ఆ పదవి ఎవరు రాసిచ్చారు?"

నవ్వకు నాన్నా. నీ ప్రెస్సు నేలమీద చెడిపోయిన కాగితాలు ఏరుకుని చదివి పెరిగినదాన్ని. ఏ పదవినీ ఒక్కరికే శాశ్వతంగా కట్టబెట్టకూడదని ఆ కాగితాలే నాకు నేర్పాయి. టెలిస్కోపు దగ్గర నాకు మొదటిసారి వంతు వచ్చిన రోజే, ఆ పక్కన ఇంకా బాగా వెలిగేది ఒకటి ఉండగా ప్రతిసారీ ఈ నీరసపుదాన్నే ఎందుకు నిలబెట్టాలని రెండో కన్ను అటు తిప్పేశాను. నక్షత్రాలకి కూడా న్యాయం చేసేశాననుకుని మురిసిపోయాను. ఈ మాట తమ్ముడితో అసలు అనకు, ఏడాదంతా నన్ను ఏడిపిస్తాడు.

సారు గొడుగు పక్కన పెట్టారు. "నీ వంతుల్లో మబ్బు లేని రోజు ఒక్కటే ఉంది. ఆ రోజు లెక్కలు తీసుకుని, భాగించకుండా, రెండు కళ్ళూ విడివిడిగా గీసి చూడు. కోపం తర్వాత తెచ్చుకుందువు. నేనెక్కడికీ పోను," అన్నారు.

ఆయన బల్ల మీదే గీశాను, పెన్సిలు విరిగేంత గట్టిగా. మన నక్షత్రం గీత అందంగా, దాని లయలో అది, లేచి పడుతోంది. కిందది తిన్నగా రావాలి. రాలేదు. అదీ లేచింది, అదీ పడింది. మరోసారి గీశాను. మళ్ళీ అంతే. నేను ఏరికోరి నిలబెట్టిన కొలబద్దే ఊగుతోంది. దానితో భాగించిన నా రోజులన్నిటిలోనూ రెండు నక్షత్రాల ఊపూ కలగాపులగం అయిపోయింది. మబ్బు పట్టిన రోజుల్ని ఇక ఏ లెక్కా బాగుచెయ్యలేదు. సారు నా నిజాన్ని చెత్తబుట్టలో వెయ్యలేదు. నేను చేసిన చెత్తని నిజంలో కలవకుండా ఆపారు.

"మరి చెప్పొచ్చుగా!" అని అరిచాను.

"చెబితే ఇలా అరుస్తావని."

తల వంచుకుని అన్నారు: "అందులో నా తప్పూ ఉంది. నీతో మాట్లాడాలంటే నాకు భయం. వంతులు తగ్గిస్తే సరిపోతుందిలే అనుకున్నాను. ఎందుకు తీసేశానో కాగితం మీద కూడా పెట్టలేదు."

అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం నవ్వుకుంటూ రాసేదాన్ని. ఇప్పటిదాకా దాటవేస్తూ వచ్చిన మాట ఒకటుంది. ఎలాగూ రాయాలి. నీ ఉత్తరం అందిన రోజు నేను ముందు వెళ్ళింది సారు గదికి కాదు. కోపంలో కొండ దిగి, జిరాక్సు కొట్టులో నా చేతిరాత ప్రతిని కాపీలు తీయించి, ఈ అబ్జర్వేటరీ మీద పెత్తనం చేసే కమిటీ సభ్యులందరికీ పోస్టు చేశాను. నువ్వు వెయ్యకపోతే నేను ఆగిపోతానా అని. డబ్బాలో కవర్లు పడేసి, చేతులు దులుపుకుని, కొండెక్కి వచ్చాక అప్పుడు అడిగాను ఆయన్ని. అడిగేసరికే కవర్లు దారిలో ఉన్నాయి. ఆయన ఎదురుగా ఆ గీతలు గీస్తున్నంతసేపూ ఆ సంగతి నాకు తెలుసు. చెప్పలేకపోయాను. మర్నాడు వెళ్ళి చెప్పాను. ఆయన "ఊఁ" అన్నారు, అంతే.

నిన్న కమిటీ వచ్చింది. కార్లు కొండెక్కుతుంటే నేను ఆ గీతల కాగితం మడిచి చేతిలో పట్టుకున్నాను. ముందు సారుని పిలిచారు. ఎంతోసేపు పట్టలేదు, బయటికి వచ్చేశారు. నావైపు చూసి, "నీళ్ళు తాగి వెళ్ళు," అన్నారు.

నేను గుమ్మంలో ఉండగానే మొదలుపెట్టాను: "నేను రాసింది తప్పండీ. ఆ రోజులు పాడుచేసింది నేనే."

అధ్యక్షుడు చాలా మెత్తటి మనిషి. కుర్చీ చూపించాడు. "భయపడకమ్మా. మేమున్నాం."

"భయం కాదండీ. నేను రాసింది అబద్ధం అంటున్నాను."

"ఆయన నీమీద ఒత్తిడి తెచ్చాడా?"

"లేదండీ."

"తెచ్చినవాళ్ళంతా అలాగే చెప్పమంటారమ్మా."

గీతల కాగితం తీసి పరిచాను. ఆయన దానిమీద మంచినీళ్ళ గ్లాసు పెట్టాడు. తడి వలయం నా గీతమీదికి పాకుతోంది. నేను బల్ల గుద్దాను. అధ్యక్షుడు మిగతావాళ్ళ వైపు తిరిగి, "చూశారా, పిల్ల ఎంత నలిగిపోయిందో," అన్నాడు. ఒకావిడ కళ్ళు కూడా ఒత్తుకుంది! నేను నిజం చెప్పిన కొద్దీ వాళ్ళకి నామీద జాలి పెరుగుతోంది. గొంతు చించుకుంటే బాధితురాలిని. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. పుట్టిన ఇన్నేళ్ళలో నా అరుపు ఇంత పనికిమాలినదిగా ఎప్పుడూ అనిపించలేదు.

అప్పుడు వాళ్ళే చెప్పారు నాకు, సారు లోపల ఏమన్నారో. "అవును, ఆ రోజులు తీసేశాను. కారణం ఎక్కడా రాయలేదు. అది తప్పే." నా పేరు ఎత్తలేదట. కొలబద్ద సంగతి ఎత్తలేదట. ఎత్తితే ఇంకెక్కడా నన్ను టెలిస్కోపు దగ్గరికి రానివ్వరని ఆయనకి తెలుసు.

ఆయన్ని టెలిస్కోపు నుంచి తీసేశారు. నా ధైర్యాన్ని మెచ్చుకుంటూ తీర్మానం చేశారు. టెలిస్కోపు ఉండే గోపురం తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు నాన్నా! నేను చెయ్యి చాపలేదు. వేళ్ళు విప్పి మరీ పెట్టారు.

బయట డ్రైవరన్న కారు తుడుస్తున్నాడు. "ఏం చెల్లీ, ఇక మేం నీకు సలాములు కొట్టాలా?" అన్నాడు. నా మొహం చూసి గుడ్డ పక్కన పడేశాడు. "వాళ్ళు ఆయన్ని సాగనంపాలని ఎప్పట్నుంచో దారి వెతుకుతున్నారమ్మా. నువ్వు తారురోడ్డే వేసిచ్చావు."

అన్యాయం చేసే పెద్దల గురించి నేను చదవని కాగితం లేదు. ఆ పెద్దల చేతికి నా కాగితమే అందుతుందని ఏ కాగితంలోనూ రాసిలేదు.

సారు ఇంటికి పరుగెత్తాను. పెరట్లో చొక్కాలు ఆరేస్తున్నారు. తాళంచెవి చూపించి, "ఇది వాళ్ళ మొహాన కొట్టి వస్తాను. మా నాన్నకి రాసి అసలు నిజం అచ్చు వేయిస్తాను. గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే వాళ్ళందరికీ పంచుతాను," అన్నాను.

"కొట్టు. పంచు. నిన్నూ తీసేస్తారు. గోపురం ఎవరు తెరుస్తారు?"

ఆ పరికరం తెలిసినవాళ్ళు కొండమీద ఇద్దరమే.

"ఆ నక్షత్రం సూర్యుడి చాటుకి పోవడానికి ఇంకా రెండు నెలలుంది. నీ వంతులు పోగా ఈ సీజనులో మిగిలిందే కొంచెం. ఇప్పుడు ఆపితే ఇన్నేళ్ళదీ తెగిపోతుంది. నువ్వు కూర్చో. కొలబద్ద మాత్రం నాది పెట్టుకో, నీరసంగా ఉన్నా నిలకడైంది."

"మరి మీ పేరు? రెండు నెలలు అందరూ మిమ్మల్ని మోసగాడంటారు."

"నా పేరుకి ఏం తొందర? ఇన్నాళ్ళూ ఎవరడిగారు గనక," అని చొక్కాకి క్లిప్పు పెట్టారు. ఆ క్లిప్పే తీసి మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు. నేను అక్కడే మెట్టు మీద కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చాను.

కనక నాన్నా, ఇప్పుడు నీతో పని. ఆ పాత కంపోజింగు విప్పి, అక్షరాలు ఎక్కడివక్కడ సర్దెయ్యి. దాని బదులు ఇది కట్టు: "సారు తీసేసిన రోజుల్ని పాడుచేసింది నేను. తెలుసుకోకుండా ఆయనమీద నింద వేసింది నేను. చెప్పబోతే వినిపించుకోనిది కమిటీ." కింద నా పేరు, నా ఉద్యోగం, పూర్తిగా. అక్షరాలు నీ దగ్గరున్న వాటిల్లోకెల్లా పెద్దవి. కట్టి, పక్కన పెట్టు. అచ్చు వెయ్యకు. ఈలోపు నేను పట్టలేక, వెంటనే వెయ్యమని ఎన్ని తిట్లు తిట్టి రాసినా, అన్నం మానేశానని బెదిరించినా, వెయ్యకు. నక్షత్రం చాటుకి వెళ్ళాక నేనే రాస్తాను.

ఒక్కటి చెప్పి ఆపేస్తాను, గోపురం తెరిచే వేళవుతోంది. పొద్దున్న భోజనాల గదిలోకి వెళితే అందరూ లేచి నాకు చోటిచ్చారు. ఒకరెవరో భుజం తట్టారు. నేను తప్పు నాదని చెబుతూనే ఉన్నాను, వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. ఆ తట్టడం, ఒక్క క్షణం, నాకు బాగుంది నాన్నా. అది తెలిసి నా ఒళ్ళు చల్లబడింది. ఇంకా రెండు నెలలు ఇలాగే తడతారు.

అందుకని, నక్షత్రం చాటుకి పోయి వానలు మొదలయ్యాక ఒక వారం చూడు. అప్పటికి నా దగ్గర్నుంచి ఉత్తరం రాకపోతే, వచ్చినా అందులో ఇంకొన్నాళ్ళు ఆగుదామని తియ్యగా రాసి ఉంటే, నన్ను అడగకుండా మిషనెక్కించెయ్యి.

అమ్మకి ఇవన్నీ నెమ్మదిగా చెప్పు.

ఇట్లు,
ఈసారి నీమీద అరవడానికి ఏమీ మిగలని
నీ కూతురు