జీబ్రా గీతల దగ్గర నమస్కారం

శాన్ రామన్, మే 2009

ఏమండీ,

మోకాళ్లతో సహా నేను కులాసా. నిన్న నేనూ, పక్కింటి ఉజ్వల అత్తగారు మల్లీశ్వరిగారూ పిల్లల తోడు లేకుండానే రైలెక్కి శాన్ ఫ్రాన్సిస్కో చూసొచ్చాం. అక్కడ రోడ్డు దాటబోతుంటే ఒక కారు వచ్చి ఆగింది. అది వెళ్లాక దాటుదామని నిలబడ్డాం. ఎంతకీ కదలదే! లోపలున్న తెల్లాయన మాకేసి చెయ్యి ఊపాడు.

"వదినా, గాయన మీకు ఎర్కనా?" అన్నారు మల్లీశ్వరిగారు.

అల్లుడి ఆఫీసాయనేమోనని నేను నమస్కారం పెట్టాను. ఆయనా తిరిగి దణ్ణం పెట్టాడు గానీ కదల్లేదు. వెనక బోలెడు కార్లు ఆగాయి, ఒక్క హారన్ లేదు. మేం దాటాలనే అందరూ ఆగారని అప్పటికి వెలిగింది. అడుగు వేస్తుంటే నా చెయ్యి దానంతటదే మీకోసం పక్కకి వెళ్లింది. మల్లీశ్వరిగారు పట్టుకున్నారు గానీ, అది మీ పట్టు కాదు.

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకండి. కంట్లో చుక్కలు వేసుకుంటున్నారా? గ్యాస్ బుక్ చేశారా?

తెనాలి బస్టాండు దగ్గర మీరు చెయ్యి పట్టుకుంటే, అందరూ చూస్తున్నారని విదిలించుకునేదాన్ని కదా. ఇక విదిలించను. ఈ కార్డు మీకిచ్చే ముందు పోస్ట్‌మాన్ చదువుతాడని తెలుసు. చదవనివ్వండి.

మీ
సుభద్ర